నాన్న థర్మామీటర్‌లో 28.4, శాటిలైట్ మ్యాప్‌లో 27.3: సముద్రం వేడి లెక్కల్లో ఎవరిది నమ్మాలి?

పైరగాలి | కొత్తపట్నం | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కొత్తపట్నం మండలంలో ఒక పల్లెపాలెం. నాన్న ఫైబర్ బోటు మీద వేటకు పోతారు. నేను బీఎస్సీ చదివి ఊళ్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్తున్నాను.

2017లో రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే మా బాబాయి నాన్నకు ఒక థర్మామీటర్ ఇచ్చాడు. అప్పట్నుంచి వల వేసేముందు బకెట్‌తో నీళ్లు తోడి, అందులో థర్మామీటర్ ముంచి, తేదీ, టైము, వేడి ఒక నోట్‌బుక్‌లో రాయడం నాన్నకు అలవాటైంది. ఎవరూ రాయమనలేదు. ఇప్పటికి నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. ఉప్పునీళ్లు తగిలి కొన్ని పేజీలు అట్టలా బిగుసుకుపోయాయి, అంకెలు మాత్రం కనబడుతున్నాయి. వాటన్నిటినీ మొన్న సంక్రాంతి సెలవుల్లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

రెండు సంగతులు అర్థం కావట్లేదు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు నాన్న కొలిస్తే 28.4 వచ్చింది. అదే తేదీకి శాటిలైట్ మ్యాప్‌లో మా తీరం ఎదురుగా 27.3 ఉంది. డిగ్రీ పైనే తేడా! రెండోది, నాన్న లెక్కల ప్రకారం ఈ ఎనిమిదేళ్లలో మా సముద్రం అర డిగ్రీకి పైగా వేడెక్కింది. శాటిలైట్ లెక్కల్లో అంత కనబడదు. పైనుంచి చూసేవాళ్లు అసలు నీళ్లలో ఏమీ ముంచరు కదా, వాళ్లకు వేడి ఎట్టా తెలుస్తుంది? నలభై ఏళ్ల రికార్డు అంటున్నారు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

---

జువ్వలదిన్నె బోటు | బోగోలు మండలం | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:02

చెల్లెమ్మా, ముందు మీ నాన్నకు నా దండం చెప్పు. నేను ఇరవై రెండేళ్లుగా బోటు మీద ఉండా, ఒక్కరోజు కూడా వేడి రాసుకోలా.

మాకు హైదరాబాద్‌లో సముద్రం సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ వాళ్ల మెసేజ్ వస్తది, ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు పోతే చేప ఉంటదని. ఆ మెసేజ్ శాటిలైట్ చూసిన వేడి నుంచీ, నీళ్ల రంగు నుంచీ తీస్తారంట. చల్ల నీళ్లు, వేడి నీళ్లు ఒకదాన్నొకటి ఆనుకునే గీత కాడ మేత చేరతది, మేత కాడికి కవళ్లు, కానాగంతలు వస్తయ్, వాటి ఎనకాల వంజరం. నా అనుభవంలో మెసేజ్ వచ్చిన రోజుల్లో డీజిల్ మిగిలింది. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం మెసేజ్ సరిగా రాదు. ఆ మబ్బు సంగతి తెలిసినోళ్లు చెప్పాలి.

---

భౌతిక మాస్టారు | ఒంగోలు | 10 ఫిబ్రవరి 2025, ఉదయం 6:25

అమ్మా పైరగాలీ, ముందు నీ మొదటి ప్రశ్న చూద్దాం.

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనబడని కాంతిని వెదజల్లుతుంది. రాత్రి ఆర్పేసిన పొయ్యి దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అదే. దాన్ని పరారుణ కాంతి అంటాం. సముద్రం కూడా అట్లాగే పైకి పంపిస్తుంటుంది. శాటిలైట్ దాన్ని పట్టుకుని, ఇంత కాంతి రావాలంటే నీరు ఇంత వేడి ఉండాలని లెక్క కడుతుంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, ఆ కాంతి నీటి అడుగునుంచి రాదు. పైనున్న 10, 20 మైక్రాన్ల పొర నుంచే వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). తలవెంట్రుక మందం కూడా ఉండదు ఆ పొర. గాలి తగిలి, ఆవిరి లేచి ఆ పొర ఎప్పుడూ కింది నీటికంటే కాస్త చల్లగానే ఉంటుంది, మామూలుగా డిగ్రీలో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా.

మీ నాన్నగారు బకెట్ వేస్తే అడుగు, అడుగున్నర లోతు నీళ్లు వస్తాయి. కాబట్టి ఆయన కొలిచిందీ శాటిలైట్ కొలిచిందీ ఒక నీరు కాదు. దానికితోడు మధ్యాహ్నం ఒంటిగంట! ఎండ కాస్తూ గాలి స్తంభించిన రోజున పైనున్న నీరు ఒక్కటే బాగా వేడెక్కుతుంది, ఒక్కోచోట రెండు మూడు డిగ్రీలు కూడా. గాలి వీచి అల లేస్తే అదంతా కలిసిపోతుంది. ఆ మ్యాప్ చాలావరకు రాత్రి కొలతలతో చేసినదో, రోజంతటి సగటో అయివుంటుంది.

ఒక పని చెయ్యండి. నాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికి, ఐదింటికి రాసినవి మాత్రం వేరుగా తీసి పోల్చిచూడు. ఆ వేళకు పగటి వేడి అణిగిపోయి పై నీరు, కింద నీరు దాదాపు ఒక్కటవుతాయి.

---

పెన్నా ఒడ్డు | నెల్లూరు | 10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. నా అనుమానం వేరే. నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, అంకెలు దిద్దితే నాకు వెంటనే గుచ్చుకుంటుంది. ఈ సముద్రపు లెక్కల్లో పాత అంకెలకు "సవరణ" చేశామని చాలాచోట్ల చదివాను. కొలిచింది కొలిచినట్టు ఉంచాలి గదా? దిద్దిన రికార్డును చూపించి సముద్రం వేడెక్కుతోంది అంటే ఎట్టా ఒప్పుకునేది? వాదం కోసం అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతుండా.

---

ఇంజిన్‌రూమ్ | కావలి | 10 ఫిబ్రవరి 2025, సాయంత్రం 5:15

పెన్నా ఒడ్డు గారూ, సముద్రపు నీటి వేడి రాసే పని స్వయంగా చేసినవాణ్ణి, నన్ను చెప్పనివ్వండి. సరకు ఓడల్లో ముప్పై ఏళ్లు ఇంజిన్ డిపార్ట్‌మెంట్‌లో చేశాను.

ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లోపలికి పీలుస్తాం. ఆ గొట్టం దగ్గర ఒక థర్మామీటర్ ఉండేది. డ్యూటీలో ఉన్నవాడు దాన్ని చూసి లాగ్ బుక్‌లో రాయాలి, పైన ఓడ నడిపే గదిలోని ఆఫీసర్లు దాన్ని వాతావరణ రిపోర్టులో పంపేవాళ్లు. ఆ గొట్టం నీటిమట్టానికి చాలా మీటర్ల కింద ఉంటుంది. ఓడ నిండా సరకుంటే ఇంకా లోతు, ఖాళీగా ఉంటే పైకి. అదీగాక ఇంజిన్ రూములో 45 డిగ్రీల ఉక్క. గొట్టం ఇనుము ఆ వేడిని నీళ్లకు అంటిస్తుంది. అందుకే ఓడ లెక్క మామూలుగా కాస్త ఎక్కువ చూపిస్తుంది.

మాకు ముందుతరం వాళ్లు గుడ్డ బకెట్లు వేసేవాళ్లు. డెక్ మీదికి లాగేలోపు గాలికి ఆ తడిగుడ్డ చల్లబడేది, మన తాటిపందిరి కింద కూజా చల్లబడ్డట్టే. అప్పుడు లెక్క తక్కువ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట డెక్ మీద లైటు వేసుకుని బకెట్ లాగితే శత్రువు కంటబడతామని చాలా ఓడలు ఇంజిన్ గొట్టం లెక్కకు మారాయి. యుద్ధం అయిపోయాక మళ్లీ బకెట్లు. రాసినవి రాసినట్టే ఉంచితే ఆ నాలుగేళ్లూ సముద్రం ఒక్కసారిగా వేడెక్కి మళ్లీ చల్లబడినట్టు కనబడుతుంది. సముద్రం ఏమీ చెయ్యలేదు, కొలిచే పద్ధతి మారింది. ఆ తేడా తీసెయ్యకపోతేనే లెక్క తప్పు. ఆడిట్‌లో మాత్రం, రూపాయల్లో రాసిన పద్దునూ డాలర్లలో రాసిన పద్దునూ మార్చకుండా కలిపి కూడతారా?

---

సముద్ర లెక్క | హైదరాబాద్ (సొంతూరు సింగరాయకొండ) | 10 ఫిబ్రవరి 2025, రాత్రి 11:48

నా పీహెచ్‌డీ పని ఈ శాటిలైట్ ఉష్ణోగ్రతల మీదే. ఆగలేక రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

శాటిలైట్‌కీ సముద్రానికీ మధ్య మన తీరపు గాలి ఉంది. అందులో నీటి ఆవిరి ఎంత ఉంటుందో మే నెలలో పాకల బీచిలో నిలబడితే చొక్కాయే చెప్తుంది. ఆ ఆవిరి కింద నుంచి వచ్చే పరారుణ కాంతిని కొంత మింగేస్తుంది. ఉన్నదున్నట్టు లెక్కేస్తే మనలాంటి ఉక్క ప్రాంతాల్లో నాలుగైదు డిగ్రీలు తక్కువ వస్తుంది. దీనికి పట్టిన ఉపాయం చూడండి. పరారుణ కాంతిలోనే 11 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఒక కొలత, 12 మైక్రాన్ల దగ్గర ఇంకొకటి తీసుకుంటారు. ఆవిరి 12 దగ్గర ఎక్కువ మింగుతుంది. రెంటికీ తేడా పెరిగిందంటే మధ్యలో ఆవిరి ఎక్కువుందని అర్థం. ఆ తేడాను ఒక గుణకంతో పెంచి 11కు కలిపితే నీటి వేడి వస్తుంది. ఆ గుణకం ఎంతో ఎట్లా తెలిసింది? సముద్రం మీద తేలే బోయలతో పోల్చి. కాబట్టి "నీళ్లలో ఏమీ ముంచరు" అనేది పూర్తి నిజం కాదు పైరగాలి గారూ. ముంచిన థర్మామీటర్ల మీదే శాటిలైట్ లెక్క నిలబడింది.

ఈ రెండు కొలతల పద్ధతికి సరిపడే కెమెరాతో నోవా-7 అనే అమెరికా శాటిలైట్ 1981 జూన్‌లో వెళ్లింది. ఇవాళ అందరూ వాడే రోజువారీ రికార్డు 1981 సెప్టెంబరు నుంచి మొదలవుతుంది. మొదలైన ఏడాది లోపే దెబ్బ తగిలింది. 1982 మార్చి, ఏప్రిల్‌లలో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలి, దాని పొగమంచు ఉష్ణమండలం మీద ఆకాశమంతా కమ్ముకుంది. ఆ పొర పరారుణ కాంతిని అడ్డుకోవడంతో శాటిలైట్‌కు సముద్రం ఉన్నదానికంటే చల్లగా కనబడింది. అదే సమయానికి పసిఫిక్‌లో శతాబ్దంలోకెల్లా పెద్దవాటిలో ఒకటైన ఎల్ నినో (అక్కడి నీళ్లు మామూలుకంటే వేడెక్కడం) ముదురుతోంది. ఓడలు నీళ్లు వేడిగా ఉన్నాయని పంపుతుంటే, ఇంత వేడి ఉండదులే అని కంప్యూటర్లు ఆ రిపోర్టుల్ని పక్కన పడేశాయి. ఎల్ నినో బాగా ముదిరేదాకా లోకానికి తెలియలేదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు మళ్లీ అదే చిక్కు.

ఆ దెబ్బలకు విరుగుడుగానే అన్నట్టు 1991 జూలైలో యూరప్ వాళ్లు ఏటీఎస్ఆర్ అనే పరికరం పంపారు. అది ఒకే నీటి ముక్కను రెండుసార్లు చూస్తుంది, ఒకసారి నిట్టనిలువుగా, ఒకసారి ముందుకు వాలుగా. వాలుగా చూసినప్పుడు గాలి పొర దాదాపు రెట్టింపు మందం. రెండింటినీ పోలిస్తే ఆవిరితోపాటు ధూళి లెక్క కూడా తేలిపోతుంది. దానికి వారసులు 1995లో, 2002లో వెళ్లాయి. మూడోది 2012 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మూగబోయింది. తర్వాతది 2016 ఫిబ్రవరిలో గానీ వెళ్లలేదు. ఆ నాలుగేళ్ల ఖాళీ మా రంగంలో వాళ్లకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. పాతదీ కొత్తదీ ఒక్కరోజు కూడా పక్కపక్కన పనిచెయ్యలేదు కాబట్టి, మధ్యలో వేరే శాటిలైట్లనూ బోయలనూ వంతెనగా వేసి కలిపారు.

ఇంకో చిక్కు, శాటిలైట్ జరిగిపోవడం. నోవా శాటిలైట్లు మొదట మధ్యాహ్నం రెండు ప్రాంతంలో మన మీదుగా పోయేవి. కక్ష్య మెల్లగా జరిగి కొన్నేళ్లకు గంటలకొద్దీ ఆలస్యంగా వచ్చేవి. మధ్యాహ్నం రెండింటి సముద్రాన్నీ సాయంత్రం ఐదింటి సముద్రాన్నీ ఒకే గాట కడితే, నీళ్లలో ఏ మార్పూ లేకపోయినా ఏటికేడు చల్లబడినట్టు కనబడుతుంది. ఏ కొలత ఏ వేళకు తీసిందో చూసి ఆ తేడా తీసెయ్యాలి. సవరణ అంటే ఇదండీ, పెన్నా ఒడ్డు గారూ.

---

రొయ్యల మడి | ఇందుకూరుపేట | 11 ఫిబ్రవరి 2025, ఉదయం 7:30

నాకు వంద ఎకరాల్లేవు, ఆరు చెరువులు ఉండాయి. కాలవ నీళ్ల వేడి పొద్దున, సాయంత్రం చూస్తాను, వనామీ రొయ్యకు ఒక డిగ్రీ తేడా అయినా మేత మారుతుంది. మైపాడు ఎదురుగా సముద్రం వేడి శాటిలైట్‌లో చూసుకుందామంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సగం రోజులు మబ్బే. మబ్బులోంచి చూసే శాటిలైట్లు కూడా ఉన్నాయంటారు, వాటి మ్యాపులో మా తీరం అంతా తెల్లగా ఖాళీ. ఎందుకట్టా?

---

సముద్ర లెక్క | హైదరాబాద్ | 11 ఫిబ్రవరి 2025, ఉదయం 9:05

అన్నా, మంచి చోట పట్టుకున్నారు. పరారుణ కాంతి మబ్బును దాటలేదు. మబ్బు నెత్తిని చూసి అదే సముద్రం అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి మబ్బున్న చోటల్లా కొలత కొట్టేస్తారు.

మబ్బును దాటేది సముద్రం నుంచే వచ్చే మైక్రోవేవ్ తరంగాలు. 1997 నవంబరులో వెళ్లిన ట్రిమ్ శాటిలైట్ మన ఉష్ణమండలం మొత్తాన్నీ అట్లా చూసింది. అంతకన్నా మంచి పరికరం ఆక్వా శాటిలైట్ మీద 2002లో వెళ్లింది. మన ఓషన్‌శాట్-1 కూడా 1999 మే 26న శ్రీహరికోట నుంచి మైక్రోవేవ్ పరికరంతోనే వెళ్లింది. వాన కురుస్తుంటే తప్ప మబ్బు వాటికి అడ్డు కాదు. లోపం ఏమిటంటే వాటి చూపు ముతక. ఒక్కో చుక్క పదుల కిలోమీటర్ల వెడల్పు. ఆ చుక్కలో కాస్త నేల పడినా, నేల మైక్రోవేవ్‌లో సముద్రం కంటే చాలా ఎక్కువ వెలుగుతుంది కాబట్టి కొలత పాడైపోతుంది. అందుకని తీరం నుంచి డెబ్బై ఐదు, వంద కిలోమీటర్ల దాకా వదిలేస్తారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. కొత్తపట్నం, జువ్వలదిన్నె, మైపాడు ఫైబర్ బోట్లు పోయేది ఆ వంద కిలోమీటర్ల లోపలే. సన్నచూపు శాటిలైట్‌కు మబ్బు అడ్డం, మబ్బు దాటే శాటిలైట్‌కు నేల అడ్డం. ఈశాన్య రుతుపవనాల్లో మీరు మ్యాపులో చూసే రంగు చాలా రోజులు చుట్టుపక్కల కొలతల నుంచి పూరించినదే. ఆ ఖాళీలో ఎవరైనా బకెట్ ముంచి రాసిన అంకె ఉంటే దానికి విలువ కట్టలేం. పైరగాలి గారి నాన్నగారు చేసింది అదే పని.

---

ఇంజిన్‌రూమ్ | కావలి | 11 ఫిబ్రవరి 2025, రాత్రి 8:20

మబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1989 నవంబరు 8 రాత్రి మా కావలి దగ్గర తీరం దాటిన తుపాను నాకు గుర్తుంది. సెలవు మీద ఇంట్లో ఉన్నాను. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేలను దాటుకుని, బంగాళాఖాతం అంతా నడిచి మా మీదికి వచ్చింది. మా ఇంటి ముందు వేపచెట్టు వేళ్లతో సహా లేచి, పక్కింటి గోడ మీద పడ్డ చప్పుడు గాలి హోరులో నాకు వినబడలేదు, నేల అదిరితే తెలిసింది. తెల్లవారాక చూస్తే ఊళ్లో నిలబడ్డ తాడిచెట్లు కూడా మెడ విరిగి ఉన్నాయి.

తుపానుకు తిండి వేడి నీళ్లే కదా. మరి తుపాను కింద నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆ మబ్బుల్లోంచి అప్పుడు చూడగలిగారా?

---

సముద్ర లెక్క | హైదరాబాద్ | 11 ఫిబ్రవరి 2025, రాత్రి 10:31

1989లో చూడలేకపోయారు సార్. సముద్రం వేడిని కొలిచేందుకు అప్పుడున్నవి పరారుణ కెమెరాలే. మైక్రోవేవ్ పరికరాలు వచ్చాకే తుపాను వెనకాల చల్లటి చార స్పష్టంగా కనబడింది. తుపాను గాలి నీళ్లను చిలికి కింది చల్లనీళ్లు పైకి తెస్తుంది, అది పోయిన దారంతా ఒకటి, రెండు డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చల్లబడుతుంది. బంగాళాఖాతంలో వానాకాలం అయ్యాక నదుల మంచినీళ్లు పైన మూతలా పరుచుకుంటాయి, ఉత్తరాన మరీను. ఆ మూత వల్ల గాలి చిలికినా చల్లనీళ్లు అంత తేలిగ్గా పైకి రావు, తుపానుకు తిండి తగ్గదు. ఈ మూత సంగతి పైనుంచి వేడి కొలిస్తే తెలియదు. అందుకు రెండువేల మీటర్ల లోతుకు మునిగి పది రోజులకోసారి పైకి తేలే ఆర్గో ఫ్లోట్లు అనే కొలత పరికరాలు కావాలి.

---

పెన్నా ఒడ్డు | నెల్లూరు | 12 ఫిబ్రవరి 2025, ఉదయం 10:12

ఇంజిన్‌రూమ్ గారూ, రూపాయలు డాలర్ల పోలికతో నా మబ్బు కొంత విడిపోయింది. సవరణ చేశాక పాత అంకెను కూడా దాచి ఉంచితే, ఎందుకు సవరించారో రాసి ఉంచితే నాకు అభ్యంతరం లేదు.

అదే చూపుతో పైరగాలి గారిని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఎనిమిదేళ్లూ నాన్నగారు వాడింది ఒకే థర్మామీటరా?

---

పైరగాలి | కొత్తపట్నం | 12 ఫిబ్రవరి 2025, రాత్రి 8:45

మీ ప్రశ్న చదివి నోట్‌బుక్కులు మళ్లీ తెరిచాను. మూడో పుస్తకంలో, 2021 ఆగస్టు పేజీ అంచున నాన్న చిన్న అక్షరాలతో "గాజుది పగిలింది" అని రాసుకున్నారు. అంకెలు ఎక్కించేటప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పగిలాక పదిహేను రోజులు ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఒంగోలులో కొన్న డిజిటల్ థర్మామీటర్‌తో మొదలుపెట్టారు.

గీత గీసి చూశాను. పెరిగిందంతా సరిగ్గా అక్కడే పెరిగింది. అంతకుముందు నాలుగేళ్లూ చదును. తర్వాత కూడా చదునే. మధ్యలో మెట్టు.

నెలరోజులుగా ఊళ్లో అందరికీ మన సముద్రం అర డిగ్రీ వేడెక్కిందని చెప్పుకుంటూ వచ్చాను. నాన్నతో ఈ మాట చెప్తే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు, ఇన్నేళ్లు రాసింది పనికిరాదా అన్నారు. నాకు చాలా బాధగా ఉంది. పాతది పగిలిపోయింది కదా, ఇప్పుడు రెంటినీ పోల్చే దారే లేదా?

---

భౌతిక మాస్టారు | ఒంగోలు | 12 ఫిబ్రవరి 2025, రాత్రి 9:30

పనికిరాకపోవడం ఏమిటమ్మా! "గాజుది పగిలింది" అన్న ఆ రెండు మాటలే ఈ రికార్డును కాపాడాయి. పరికరం ఎప్పుడు మారిందో రాసిపెట్టుకున్నవాడు నిజమైన పరిశీలకుడు. ఆ మాట ఆయనకు నా మాటగా చెప్పు.

ముందు కొత్తదాన్ని పరీక్షించు. ఐసు ముక్కలు బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా పోసి, మంచినీళ్లు కొంచెమే పోసి, పది నిమిషాలు కలియబెట్టి ముంచు. సున్నా చూపించాలి. ఉప్పునీళ్ల ఐసు వాడొద్దు, బోటులో చేపలకు వేసే ఐసులో ఉప్పు తగిలి ఉంటుంది. ఒక్క సున్నా దగ్గరే సరిపోదు, గోరువెచ్చటి నీళ్లలో జ్వరం చూసే థర్మామీటర్‌తో పక్కన పెట్టి 37 దగ్గర కూడా చూడు.

---

సముద్ర లెక్క | హైదరాబాద్ | 12 ఫిబ్రవరి 2025, రాత్రి 11:02

దారి ఉంది. 2012కూ 2016కూ మధ్య మేం చేసిందే మీరూ చెయ్యాలి. పగిలిన గాజుదీ కొత్త డిజిటల్‌దీ ఎప్పుడూ కలుసుకోలేదు, కానీ రెండూ బతికి ఉన్న రోజుల్లో పైన ఒకే శాటిలైట్ తిరుగుతూ ఉంది. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మీ మీదుగా పోయే సువోమీ ఎన్‌పీపీ 2011 అక్టోబరు నుంచీ అక్కడే ఉంది. నాన్నగారు తెల్లవారుజామున రాసిన, మబ్బులేని రోజుల్ని మాత్రం ఎంచుకోండి. ఒక్కోరోజు నాన్న అంకెలోంచి శాటిలైట్ అంకె తీసెయ్యండి. గాజు కాలానికి సగటు ఎంత, డిజిటల్ కాలానికి సగటు ఎంత చూడండి. ఒక్కరోజు తేడాను నమ్మొద్దు, శాటిలైట్ కొలత ఒక్కోటి అర డిగ్రీ అటూఇటూ ఊగుతుంది. నలభై, యాభై రోజులు కలిపితే ఊగిసలాట చాలావరకు సర్దుకుంటుంది.

బోయలు శాటిలైట్‌ను సరిదిద్దుతాయి. ఆ శాటిలైట్ ఇప్పుడు మీ నోట్‌బుక్కును సరిదిద్దుతుంది.

---

జువ్వలదిన్నె బోటు | బోగోలు మండలం | 13 ఫిబ్రవరి 2025, ఉదయం 5:50

బోయ మాట ఎత్తారు గనక నా మనసులో ఉన్నది చెప్పేస్తా. చిన్నప్పుడు లోతు సముద్రంలో పసుపు రంగు బోయ ఒకటి కనబడితే మా బోటు తాడు దానికి కట్టేసినాం. బోయ కింద నీడకు చేప చేరతది, అందరూ అదే చేసేవాళ్లు. రాత్రంతా బోటు దాన్ని లాగతానే ఉన్నింది. పైన ఉండే కడ్డీ ఒకటి వంగిపోయింది. అది ఏందో, ఎందుకుందో మాకు ఎవరూ చెప్పలా అప్పుడు. చెన్నైలో ఉండే సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్లు వేసే అట్టాంటి బోయల లెక్కతోనే మాకొచ్చే చేపల మెసేజ్ కూడా సరిచూసుకుంటారని ఈడ చదివినాక గుండె కలుక్కుమనింది. మా రేవులో కుర్రోళ్లకు ఇయ్యాలే చెప్తా, తాడు కట్టొద్దని.

---

పైరగాలి | కొత్తపట్నం | 2 మార్చి 2025, సాయంత్రం 6:40

ఆలస్యమైంది, మన్నించండి. శాటిలైట్ అంకెలు రోజురోజుకూ దింపుకోవడానికి రెండు వారాలు పట్టింది.

ఐసులో కొత్త థర్మామీటర్ 0.5 చూపించింది. మూడుసార్లు చేశాను, అదే. 37 దగ్గర కూడా అరడిగ్రీ ఎక్కువే.

తెల్లవారుజాము, మబ్బులేని రోజులు గాజు కాలంలో 43 దొరికాయి, డిజిటల్ కాలంలో 38. ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ లోపలివే. గాజుది శాటిలైట్ కంటే సగటున 0.1 ఎక్కువ. డిజిటల్‌ది 0.6 ఎక్కువ. అంటే మెట్టు 0.5. ఐసు గ్లాసు చెప్పిందీ అదే! రెండు వేరువేరు దారుల్లో ఒకే అంకె వచ్చేసరికి నాకు చేతులు వణికాయి.

మొదటి ప్రశ్న కూడా తేలిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం 28.4లో అర డిగ్రీ థర్మామీటర్‌ది. మిగతాది మధ్యాహ్నపు ఎండ, నీటి లోతు.

అర డిగ్రీ తీసేశాక ఎనిమిదేళ్లలో మా దగ్గర చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. దీన్నిబట్టి సముద్రం వేడెక్కట్లేదు అనుకోవచ్చా?

---

సముద్ర లెక్క | హైదరాబాద్ | 2 మార్చి 2025, రాత్రి 9:55

శభాష్! పైరగాలి గారూ, ఇది మా ల్యాబులో చేసినా ఇంతకంటే బాగా చెయ్యలేరు.

ఆ మాట మాత్రం అనుకోకూడదు. ఒకే తీరంలో ఎనిమిదేళ్లు చాలా తక్కువ. ఎల్ నినో వచ్చిన ఏడు ఒకలా, లా నినా (పసిఫిక్‌లో అవే నీళ్లు చల్లబడే) ఏడు ఇంకోలా ఉంటుంది, మన తీరపు ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది, ఒక తుపాను వచ్చి పోతే నీళ్లు డిగ్రీ దిగుతాయి. ఈ ఊపుల మధ్య దశాబ్దానికి డిగ్రీలో పదో వంతు పెరుగుదల కనబడాలంటే ముప్పై, నలభై ఏళ్లు కావాలి. శాటిలైట్లను అతుక్కుంటూ నలభై ఏళ్ల గీత నిలబెట్టింది అందుకే. ఆ గీతతో బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2025 జనవరిలో లెక్క చెప్పారు: ప్రపంచ సముద్రాల ఉపరితలం 1980ల చివర్లో దశాబ్దానికి 0.06 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంటే, ఇప్పుడు 0.27 చొప్పున వేడెక్కుతోంది. మన హిందూ మహాసముద్రం 1950 నుంచి 2020 దాకా శతాబ్దానికి 1.2 డిగ్రీల చొప్పున పెరిగిందని పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం లెక్కకట్టింది.

---

పెన్నా ఒడ్డు | నెల్లూరు | 3 మార్చి 2025, ఉదయం 8:15

నేను ఇంకో సంగతి కూడా చదివి వచ్చాను. ఓడల కంటే బోయలు 0.1 డిగ్రీ తక్కువ చూపిస్తాయి, ఓడలు తగ్గి బోయలు పెరిగేకొద్దీ వేడెక్కడం ఉన్నదానికంటే తక్కువగా కనబడిందట. దాన్ని సరిచేస్తే అంతా కావాలని పెంచారని గొడవైంది. 2017లో కొందరు ఒట్టి బోయలతో ఒకటి, ఒట్టి శాటిలైట్లతో ఒకటి, ఒట్టి ఆర్గోతో ఒకటి వేరువేరుగా లెక్కేసి చూస్తే, సరిచేసిన లెక్కకే మూడూ దగ్గరగా వచ్చాయి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోకుండా మూడు దారుల్లో అదే జవాబు వస్తే ఆడిటర్‌గా నేను సంతకం పెడతాను.

పైరగాలి గారూ, నాన్నగారి పాత అంకెలు కొట్టెయ్యకండి. పక్కన ఇంకో వరుస వేసి సవరించినవి రాయండి. ఏ రోజు, ఎందుకు సవరించారో పైన రాయండి.

---

రొయ్యల మడి | ఇందుకూరుపేట | 3 మార్చి 2025, మధ్యాహ్నం 12:30

అమ్మా, నా దగ్గర ల్యాబు నుంచి సరిచూసి సర్టిఫికెట్‌తో తెచ్చిన థర్మామీటర్లు రెండు ఉండాయి. ఒకటి మీ నాన్నకు ఇస్తా. శనివారం ఒంగోలు పనిమీద వస్తున్నా, బస్టాండు కాడ ఇచ్చేదా?

---

పైరగాలి | కొత్తపట్నం | 9 మార్చి 2025, రాత్రి 7:20

అన్నా, థర్మామీటర్ అందింది. నాన్న దాన్ని టవల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టారు, బోటులోకి తీసుకుపోతే పగులుతుందని భయం. నిన్నంతా నచ్చజెప్పాల్సి వచ్చింది.

ఈరోజు తెల్లవారుజామున నేను కూడా బోటెక్కాను. నాలుగూ ఇరవైకి నాన్న బకెట్ వేశారు. చీకట్లో సెల్లు లైటు పట్టుకుని నేను చదివాను. ఒకే బకెట్లో రెండూ ముంచి రెండు నిమిషాలు ఆగాం. డిజిటల్‌ది 28.3. కొత్తది 27.8.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోపు ప్రతి వేటకూ రెండూ కలిపి రాయాలని అనుకున్నాం. నాన్న నోట్‌బుక్‌లో తానే స్కేలు పెట్టి ఇంకో వరుస గీశారు. పైన "పాతది", "కొత్తది" అని రాసి, పక్కన ఇవాళ్టి తేదీ వేశారు.